కంప్యూటర్‌కి నేను చెప్పిన అబద్ధం

సముద్రంలోకి దిగేవాళ్ళు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో ఆక్సిజన్‌ని కొలిచే పరికరం ఉండదు. నీటి పీడనాన్ని పసిగట్టే సెన్సర్ ఒకటి, లోపల ఒక గడియారం, ఉష్ణోగ్రత చూసేది మరొకటి. అంతే. సిలిండర్‌లో ఎంత గ్యాస్ మిగిలిందో చూపించే ఖరీదైన రకాలు కూడా ఆ గ్యాస్‌లో ఏముందో చెప్పలేవు. ఆక్సిజన్ ఎంత శాతమో మనమే బటన్ నొక్కి చెప్పాలి. ఎంత చెబితే అంతే నమ్మి, ఆ అంకె మీద మిగతా లెక్కంతా కడుతుంది.

ఈ సంగతి తెలియక చేసిన తప్పయితే ఇది రాసేవాణ్ణి కాదు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్ని. మలేషియాలో, తెరెంగాను తీరంలోని కెర్తేలో, పెట్రోకెమికల్ ప్లాంటులో పని. కంట్రోల్ రూమ్ తెర మీద కనిపించే అంకెల్లో ఏది సెన్సర్ కొలిచింది, ఏది ఎవరో చేత్తో ఎక్కించింది అని వేరు చేసి చూడటమే నా ఉద్యోగం. చేత్తో ఎక్కించిన విలువను కొలిచిన విలువ అనుకుని ప్లాంటు నడిపితే ఏమవుతుందో కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, నీళ్ళలోకి దిగేసరికి, నేనే ఎక్కించిన అంకెను నేనే కొలతగా నమ్మాను.

ఇది జరిగింది సిపడాన్‌లో. దాని గురించి విననివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. సబా రాష్ట్రంలో సెంపోర్నా పట్నానికి దక్షిణాన, సెలెబిస్ సముద్రంలో ఉన్న చిన్న దీవి అది. సముద్రగర్భం నుంచి సుమారు 600 మీటర్లు నిలువునా లేచిన కొండకి పైకొస. మలేషియాకి ఇండోనేషియాకి మధ్య ఈ దీవి కోసం నడిచిన తగాదాని అంతర్జాతీయ న్యాయస్థానం 2002 డిసెంబరు 17న మలేషియా పక్షాన తేల్చింది. 2004 చివరికి దీవి మీదున్న రిసార్టులన్నిటినీ ఖాళీ చేయించారు. ఇప్పుడు మాబుల్, కపలాయ్ లాంటి చోట్ల బస చేసి, రోజుకి ఇన్ని అని లెక్కగా ఇచ్చే పర్మిట్ తీసుకుని పడవలో వెళ్ళాలి. ఒడ్డు నుంచి నాలుగడుగులు ఈదితే కాళ్ళ కింద నేల ఆగిపోతుంది. ఆ అంచు దాటాక ఎంత లోతు కావాలంటే అంత లోతు. మామూలు పగడపు దిబ్బ మీద అయితే అడుగున ఇసుక తగిలి మనిషిని ఆపుతుంది. ఇక్కడ ఆపేది మన బుద్ధి, చేతికున్న కంప్యూటర్, ఈ రెండే.

అక్కడికి మా అమ్మాయితో వెళ్ళాను. డైవింగ్ నాకు నేర్పింది తనే అనాలి. రెస్క్యూ కోర్సు దాకా చదివింది. నీళ్ళలో ఒకరికొకరు తోడుగా ఉండే జంటను బడ్డీలంటారు. ఆ రోజు నా బడ్డీ తను.

మేము పీల్చింది నైట్రాక్స్. అంటే మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ని పెంచి, ఆ మేరకు నైట్రోజన్‌ని తగ్గించిన గాలి. నైట్రోజన్ తగ్గితే ఒంట్లో కరిగేది తగ్గుతుంది, ఎక్కువసేపు కింద ఉండొచ్చు. అయితే లోతుకి వెళ్ళేకొద్దీ పీడనం పెరిగి ఆ ఎక్కువ ఆక్సిజనే ప్రమాదమవుతుంది, అందుకే దీనికి లోతు హద్దు ఉంటుంది. ఆ రోజు మా సిలిండర్లలో 36 శాతం. దిగేముందు ఎవరి సిలిండర్‌ని వాళ్ళు ఆక్సిజన్ శాతం కొలిచే ఎనలైజర్‌తో చూసుకోవాలన్నది నియమం. నేనూ చూశాను. సిలిండర్ మెడ దగ్గర అతికించిన టేపు మీద 36 అని, గరిష్ఠ లోతు 28 మీటర్లు అని నా చేత్తో నేనే రాసి సంతకం పెట్టాను.

తర్వాత కంప్యూటర్‌ని మాత్రం గాలి మీదే, 21 మీదే ఉంచేశాను.

మరిచిపోలేదు. కావాలనే ఉంచాను. పాత డైవర్ల దగ్గర ఒక మాట విన్నాను: నైట్రాక్స్ పీలుస్తూ కంప్యూటర్‌ని గాలి మీద పెడితే, ఒంట్లో నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ నైట్రోజన్ ఉందని అది అనుకుంటుంది, త్వరగా పైకి రమ్మంటుంది, అది అదనపు భద్రత అని. ఆ మాటలో అబద్ధం లేదు. నైట్రాక్స్ లెక్క కట్టే కంప్యూటర్లు అందరి దగ్గరా లేని రోజుల్లో చాలామంది అలాగే చేసేవాళ్ళు. అయితే వాళ్ళు దానికి రెండో సగం కూడా కలిపి చెప్పేవాళ్ళు. ఆక్సిజన్ సంగతి ఇక కంప్యూటర్ చూడదు, లోతు హద్దు నువ్వే కాపలా కాసుకోవాలి అని. నాకు మొదటి సగం నచ్చింది. వయసు మీదపడుతున్నవాణ్ణి, జాగ్రత్తగా ఉంటున్నానని లోలోపల గర్వపడ్డాను కూడా. రెండో సగం చెవిన పడలేదని అనలేను. పడింది, పట్టించుకోలేదు.

సౌత్ పాయింట్ అనే చోట దిగాం. ఆ రోజు ప్రవాహం గట్టిగా ఉంది. గోడ పక్కన పాతిక మీటర్ల దగ్గర వెళుతుంటే కింద నీలంలో సుత్తితల సొరచేపల నీడలు కనిపించాయి. ఎన్నాళ్ళ నుంచో చూడాలని ఉన్నవి. ప్రవాహానికి ఎదురుగా కాళ్ళు గట్టిగా ఆడిస్తూ కిందికి దిగాను. వెనక ఇనుపకడ్డీతో సిలిండర్ మీద కొడుతున్న చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే అమ్మాయి నాకు పైన ఆగిపోయి ఉంది, చెయ్యి ఊపుతోంది. నా కంప్యూటర్ వంక చూసుకున్నాను. ఆక్సిజన్ పీడనం 1.0. అలారం లేదు. నో-డెకో టైమ్, అంటే మధ్యలో ఆగాల్సిన పని లేకుండా పైకి రాగలిగే వ్యవధి, ఇంకా కొన్ని నిమిషాలు ఉంది. పిల్ల అనవసరంగా కంగారు పడుతోందనుకున్నాను. సెంపోర్నా నుంచి వచ్చిన మా గైడ్, బజావు కుర్రాడు, నాకు ఎదురుగా వచ్చి బొటనవేలు పైకెత్తి, పైకి పదమని పదేపదే చూపించాక గాని పైకి కదల్లేదు. తర్వాత లాగ్‌లో చూస్తే 38 మీటర్లు.

పడవ ఎక్కాక అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. నేనే కంప్యూటర్‌లో, నాడీమండలం మీద పడిన ఆక్సిజన్ భారాన్ని శాతంగా చెప్పే సీఎన్ఎస్ అంకెను చూపించి, "చూడు, సీఎన్ఎస్ ఒంటి అంకె కూడా దాటలేదు, ఎందుకంత గాభరా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

"ఎంత మీద పెట్టావు నాన్నా?"

"గాలి మీదే. నైట్రోజన్‌కి అది మంచిదే కదమ్మా."

తను నీళ్ళలో రాసుకునే పలక తీసి రెండు గుణకారాలు చేసి నా ఒళ్ళో పెట్టింది. లెక్క నాకు కొత్తది కాదు. నీటిపైన ఒక బార్ పీడనం, కింద ప్రతి 10 మీటర్లకీ మరో బార్. 38 మీటర్ల దగ్గర 4.8. కంప్యూటర్‌కి నేను చెప్పిన గాలి ప్రకారం 4.8ని 0.21తో గుణిస్తే 1.0. నేను నిజంగా పీలుస్తున్న గ్యాస్ ప్రకారం 4.8ని 0.36తో గుణిస్తే 1.73. వినోదం కోసం డైవింగ్ చేసేవాళ్ళు ఈదేటప్పుడు 1.4 దాటొద్దంటారు. కదలకుండా ఉండే చివరి స్టాపుల దగ్గర కూడా 1.6 కడ హద్దు. నేను రెండూ దాటి, ప్రవాహంతో పెనుగులాడుతూ, రొప్పుతూ అక్కడున్నాను.

"నీకు అక్కడ ఫిట్స్ వచ్చుంటే నేనేం చెయ్యాలి? కిందికొస్తే నేను పీలుస్తున్నదీ అదే గ్యాస్. రాకపోతే నువ్వు పోతావు. చెప్పు నాన్నా, ఏం చెయ్యాలి?"

నా దగ్గర జవాబు లేదు. నా ప్రాణం సంగతి అటుంచితే, కన్నకూతుర్ని అలాంటి ఎంపిక ముందు నిలబెట్టాను. ఇది నా అజ్ఞానం అని తప్పించుకోవడానికి లేదు. కంప్యూటర్‌ని మోసం చేసి, ఆ మోసాన్ని దాని నోటితోనే తిరిగి విని, నిజమని నమ్మిన మూర్ఖత్వం ఇది.

మాబుల్‌కి తిరిగొచ్చాక నిద్ర పట్టలేదు. నేను తీసిపారేసిన ఆ సీఎన్ఎస్ శాతం అసలు ఎలా పుడుతుందో అప్పుడు శ్రద్ధగా చదివాను. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్ళ డైవింగ్ మాన్యువల్‌లో ఒక పట్టిక ఉంది. చాలా కంప్యూటర్లకు అదే ఆధారం. ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే పలక మీద ఆ గుణకారంలో వచ్చిన అంకె, 1.0 బార్ అయితే ఒక్క డైవ్‌లో 300 నిమిషాలు, 1.3 అయితే 180, 1.4 అయితే 150 దాకా ఉండొచ్చు. 1.5 అయితే 120. 1.6కి వచ్చేసరికి ఒక్కసారిగా 45కి పడిపోతుంది. కంప్యూటర్ కొన్ని సెకన్లకోసారి పీడనం చూసి, మనం చెప్పిన శాతంతో గుణించి, పట్టికలో ఆ గడి ఎక్కడుందో చూసి, ఆ కాస్త సమయం అనుమతించిన మొత్తంలో ఎన్నో వంతో కూడుతూ పోతుంది. 1.0 దగ్గర నిమిషానికి శాతంలో మూడో వంతు. 1.6 దగ్గర నిమిషానికి రెండు శాతం పైనే. అంటే 38 మీటర్ల దగ్గర నా కంప్యూటర్ నిమిషానికి 0.33 చొప్పున కూడుకుంటూ కూర్చుంది. ఆ సమయంలో నా ఒంటికి వర్తించే వేగం దానికి ఆరేడు రెట్లకు తక్కువ కాదు. నేను అమ్మాయికి చూపించిన ఒంటి అంకె, గాలి పీల్చిన వేరే మనిషెవరిదో.

పైకి వచ్చాక ఆ శాతం తగ్గుతుంది. 90 నిమిషాలకు సగం అవుతుందని ఎక్కువ కంప్యూటర్లు లెక్కిస్తాయి. ఉదాహరణకి 32 శాతం నైట్రాక్స్‌తో 30 మీటర్ల దగ్గర 45 నిమిషాలు గడిపితే పాతిక శాతం వస్తుంది. గంటన్నర విశ్రాంతి తర్వాత పన్నెండున్నర. అక్కడి నుంచి రెండో డైవ్ లెక్క మొదలవుతుంది. ఈ 90 నిమిషాలు కూడా ఒంట్లోంచి తీసి కొలిచింది కాదు, పనికి వీలుగా ఉంటుందని ఒప్పుకున్న ఊహ. మణికట్టు మీద శాతాన్ని చూసినప్పుడు రక్తపరీక్ష ఫలితం చూసినట్టు చూడటం నా మరో పొరపాటు. అది మన మెదడు పరిస్థితి చెప్పదు. ఒక పట్టికలో మనం ఎంత దూరం వచ్చామో చెబుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంటుంది, ఓటీయూ అని. అది ఊపిరితిత్తుల కోసం. ఒక బార్ ఆక్సిజన్‌ని ఒక నిమిషం పీలిస్తే ఒక యూనిట్. అర బార్‌కి దిగువన సున్నా. పైన చెప్పిన 45 నిమిషాల డైవ్‌కి సుమారు 67 యూనిట్లు. రోజుల తరబడి డైవ్ చేసేవాళ్ళకి రోజుకి 300 దగ్గర హద్దు పెడతారు. మాలాంటి సెలవు డైవర్లకి ఇది పెద్దగా అడ్డు రాదు. మమ్మల్ని చంపేది అప్పటికప్పుడున్న పీడనం, ఆ 1.73.

ఎందుకంటే అధిక ఆక్సిజన్ నాడీమండలం మీద చేసే దెబ్బ ముందు చెప్పి రాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే పీడనం పెరిగితే ప్రాణవాయువే మూర్ఛలు తెప్పిస్తుందని రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ 1942 నుంచి వందల ప్రయోగాలు చేశాడు. వాటిలో నన్ను భయపెట్టింది ఒకటే. ఒక మనిషికి ఒక రోజు చాలాసేపు ఏమీ కాలేదు, అదే మనిషికి అదే పీడనంలో ఇంకో రోజు కొద్ది నిమిషాల్లోనే మూర్ఛ వచ్చింది. చూపు సన్నబడటం, చెవుల్లో హోరు, వికారం, పెదవులు అదరడం లాంటి గుర్తులు కొందరికి ముందు కనిపిస్తాయి, కొందరికి ఏమీ కనిపించవు. ఒళ్ళు శ్రమిస్తే, ఊపిరి సరిగ్గా వదలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే, ప్రమాదం ఇంకా దగ్గరవుతుంది. ఈ రెండూ కంప్యూటర్‌కి తెలిసే వీల్లేదు. సౌత్ పాయింట్ ప్రవాహంలో నేనెంత రొప్పుతున్నానో దాని పట్టికలో ఏ గడిలోనూ లేదు. సరిగ్గా 36 పెట్టి ఉన్నా ఆ సంగతి దానికి తెలిసేది కాదు.

మనలో ఒక ప్రశ్న పుడుతుంది. పెరాక్‌లో, లుముట్ సైనిక ఆసుపత్రి ఛాంబర్‌లో డైవర్లకు 2.8 బార్ దగ్గర ఆక్సిజన్ పట్టి వైద్యం చేస్తారు కదా, మరి వాళ్ళకి ఏమీ కాదా అని. వాళ్ళు పొడిగా పడుకుని ఉంటారు, కాళ్ళు ఆడించరు. 20 నిమిషాలకోసారి మాస్కు తీసి 5 నిమిషాలు మామూలు గాలి ఇస్తారు. పక్కన మనిషి ఉంటాడు. మూర్ఛ వచ్చినా మాస్కు తీస్తే ఆగిపోతుంది, మనిషి బతుకుతాడు. నీళ్ళలో మూర్ఛ వస్తే నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతుంది. మూర్ఛ చంపదు, నీళ్ళు చంపుతాయి.

ఈ చదువులో నాకు మా ఊరు ఎదురొచ్చింది. మాది కాకినాడ. జె.బి.ఎస్. హాల్డేన్ పేరు జన్యుశాస్త్రం పుస్తకంలో చదివినవాణ్ణే. యుద్ధకాలంలో జలాంతర్గాముల నావికుల కోసం ఆయన పీడన గదిలో తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడనీ, ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్చి మూర్ఛ వచ్చి వెన్నుపూసలు నలిగిపోయాయనీ నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర పరిశోధన చేసి, తర్వాత ఆయన జీవితాన్ని పుస్తకంగా రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్ తన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం ఇవ్వమని వీలునామా రాశాడు. ఆ దేహం వచ్చింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఆ కాలేజీ గోడ పక్కనుంచి సైకిల్ మీద ట్యూషన్‌కి వెళ్ళేవాణ్ణి. ఆక్సిజన్ ఎంత దాకా ఓర్చుకోగలమో తెలుసుకోవడానికి ఒక మనిషి తన వెన్ను విరగ్గొట్టుకున్నాడు. అలాంటివాళ్ళ వల్ల తెలిసిన హద్దును నేను ఒక బటన్ నొక్కక కాలదన్నాను. హాల్డేన్ గురించి చదివిన రాత్రి నాకు సిగ్గుతో పాటు కృతజ్ఞత కూడా కలిగింది. ఆ కృతజ్ఞతే ఇది రాయిస్తోంది.

మర్నాడు దిగుతానా లేదా అని అమ్మాయి అడగలేదు. నేనే దిగనన్నాను. పడవ మీద కూర్చుని, కంప్యూటర్ మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివాను. కొన్నవాళ్ళలో ఎంతమంది చదువుతారో గాని, అందులో నాకు కనువిప్పు కలిగించే సంగతి ఒకటి ఉంది. కొన్ని కంప్యూటర్లలో ఒక ఏర్పాటుంటుంది. ఒక నైట్రాక్స్ డైవ్ అయ్యాక, తర్వాతి డైవ్‌కి మనం శాతం మళ్ళీ చెప్పకపోతే, అది నైట్రోజన్ లెక్కకి గాలి అనీ, ఆక్సిజన్ లెక్కకి 50 శాతం అనీ అనుకుంటుంది. రెండు వైపులా చెడునే ఊహించుకుంటుందన్నమాట. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు నాలాంటి మనిషిని ముందే ఊహించారు. కావాలని తప్పు అంకె చెప్పేవాణ్ణి ఆపే ఏర్పాటు మాత్రం ఎవరి దగ్గరా లేదు, ఉండే వీలూ లేదు. వదిలిన ఊపిరినే శుద్ధి చేసి మళ్ళీ పీల్చనిచ్చే రీబ్రీదర్ వాడేవాళ్ళకి గ్యాస్‌ని నిజంగా కొలిచే ఆక్సిజన్ సెల్స్ ఉంటాయి, సాధారణంగా మూడు, ఒకటి తప్పుచెబితే మిగతా రెండిటితో పోల్చుకోవడానికి. మన సిలిండర్ డైవింగ్‌లో అలాంటి కొలత ఒక్కసారే జరుగుతుంది. ఒడ్డున, ఎనలైజర్ ముందు.

నైట్రోజన్ విషయంలో నాకు అదనపు భద్రత కావాలంటే దారి మూసుకుపోలేదు. శాతం నిజం చెప్పి, కంప్యూటర్‌లోనే ఉండే కన్సర్వేటివ్ సెట్టింగ్ ఒక మెట్టు పెంచితే సరిపోయేది. లేదా పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మరికొన్ని నిమిషాలు ఆగితే సరిపోయేది. జాగ్రత్త కోసం అబద్ధం అవసరమే లేదు.

ఇప్పుడు విశాఖ రుషికొండలో, అండమాన్‌లో, ఇక్కడ తియోమన్, పెర్హెంతియన్‌లలో మన తెలుగు పిల్లలు చాలామంది నైట్రాక్స్ కార్డు తీసుకుంటున్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ నాలుగు మాటలు చదివించండి. సిలిండర్‌ని మీరే ఎనలైజ్ చేసుకోండి. టేపు మీద రాసిన అంకె, కంప్యూటర్‌లో ఉన్న అంకె ఒకటేనా అని పడవ అంచు మీద కూర్చున్నప్పుడు బడ్డీకి చూపించి, బడ్డీది మీరు చూడండి. కింద మీ బడ్డీ సిలిండర్ మీద కొడితే, మీ తెర మీద ఏముందో చూసుకోకుండా ముందు పైకి రండి.